పల్లె వదిలి ఫ్యాక్టరీకి వెళ్ళిన చైనా అమ్మాయిలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిన్ని కూతురు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో లైన్ మీద చేసేది. అది సెలవుకి వచ్చినప్పుడల్లా షిఫ్టులు, టార్గెట్లు, హాస్టల్ రూమ్ కబుర్లు చెప్తుంటే వింటూ వింటూ నాకు ఆసక్తి పట్టుకుంది, మనకన్నా ముప్పై ఏళ్ళ ముందే ఇలాంటి అమ్మాయిలు కోట్లలో బయల్దేరిన దేశం ఒకటుంది కదా, వాళ్ళ సంగతేంటి అని చదవడం మొదలుపెట్టా, అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఎవరికి చెప్పినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఎవరి గురించి ఇదంతా?

1980ల నుంచి చైనా లోపలి పల్లెల్లోంచి దక్షిణాన సముద్రం పక్కనున్న ఫ్యాక్టరీ ఊళ్ళకి పనికెళ్ళిన అమ్మాయిల గురించి. పదహారేళ్ళు, పద్దెనిమిదేళ్ళు, మహా అయితే ఇరవై రెండు. మన ఇళ్ళల్లో ఉన్న బొమ్మలు, బూట్లు, ఇయర్‌ఫోన్లు, చార్జర్లు వీటిల్లో చాలావాటిని ముందుగా పట్టుకున్నవి వీళ్ళ చేతులే.

చైనాలో వీళ్ళని దాగోంగ్‌మెయ్ అంటారు. దాగోంగ్ అంటే యజమాని కింద జీతానికి చేయడం, హాంకాంగ్ వైపు మాట్లాడే కాంటనీస్ నుంచి వచ్చిన మాట. మెయ్ అంటే చెల్లి. అంటే కూలికెళ్ళే చెల్లి అన్నమాట. పాత సర్కారు ఫ్యాక్టరీలో పర్మనెంట్ ఉద్యోగం, ఇల్లు, పెన్షన్ ఉన్నవాడిని ఈ మాటతో పిలవరు, ఆయనకి "కార్మికుడు" అనే గౌరవమైన మాట వేరే ఉంది. చేసేది అదే పని అయినా ఈ పిల్లలకి ఆ మాట దక్కలేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఇవేవీ అనరు, "బయటికి పోయింది" అంటారు అంతే. మన దగ్గర "దుబాయ్ పోయిండు" అన్నట్టు ఆ రెండు ముక్కల్లోనే అందరికీ అంతా అర్థమైపోతుంది.

ఎప్పుడు మొదలైంది? అంతకుముందు ఎందుకు వెళ్ళలేదు?

వెళ్ళనివ్వలేదు కాబట్టి. 1958లో వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టంతో పల్లెలో పుట్టినవాళ్ళు పల్లెలోనే ఉండాలన్నట్టు అయిపోయింది. సిటీలో బియ్యం కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు, కూపన్ లేకపోతే తిండే లేదు, ఇంక వెళ్ళి ఏం చేస్తారు.

1978 తర్వాత రెండు పనులు ఒకేసారి జరిగాయి. కమ్యూన్లు (ఊరంతా కలిసి ఉమ్మడిగా చేసే సాగు) పోయి భూమి కుటుంబాల చేతికి వచ్చింది (సొంతానికి కాదు, కౌలు లాగా), ఎవరి చేను వాళ్ళు చేసుకోవడం మొదలుపెట్టాక తెలిసింది ఇంత చిన్న చెక్కకి ఇంట్లో ఇంతమంది అక్కర్లేదని. అదే టైంలో హాంకాంగ్ యజమానులు చవగ్గా పని చేయించుకోవడానికి పక్కనే ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం వైపు చూశారు. 1978లోనే అక్కడి డోంగ్‌గ్వాన్‌లోని హుమెన్‌లో తైపింగ్ అనే హ్యాండ్‌బ్యాగుల ఫ్యాక్టరీ పెట్టారు, మెటీరియల్ బయట నుంచి వస్తుంది, కుట్టేది ఇక్కడ, సరుకు మళ్ళీ బయటికే పోతుంది. 1980లో షెంజెన్, జుహాయ్, షాంటో, షియామెన్ స్పెషల్ ఎకనామిక్ జోన్లు అయ్యాయి. 1992లో దేశానికి పెద్ద నాయకుడు డెంగ్ షియావోపింగ్ దక్షిణాదిన తిరిగి ఈ దారి ఆపొద్దు అన్నాక ఇంక ఫ్యాక్టరీలు వరదలా వచ్చాయి, సిచువాన్, హునాన్, జియాంగ్‌షీ, హెనాన్, గుయ్‌జౌ, గ్వాంగ్‌షీ పల్లెల నుంచి పిల్లలూ అలాగే వచ్చారు. షెంజెన్ జోన్ అయ్యేనాటికి ఆ ప్రాంతమంతా కలిపి మూడు లక్షల చిల్లర జనం, 2020 లెక్కల్లో కోటీ 75 లక్షలు.

హుకో అంటే ఏంటి? రేషన్ కార్డు లాంటిదా?

రేషన్ కార్డు, ఆధార్, పిల్లల స్కూల్ అడ్మిషన్, పెన్షన్ అన్నీ కలిపి ఒకే కాయితం మీద పెట్టి, దాన్ని నువ్వు పుట్టిన ఊరికి మేకు కొట్టి బిగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అది హుకో. ఇందాక చెప్పిన 1958 చట్టం దీని గురించే. చాలాకాలం అమ్మ ఊరే బిడ్డకి వచ్చేది (1998 నుంచి నాన్నది కూడా తీసుకోవచ్చన్నారు). షెంజెన్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసినా కాయితం ప్రకారం నువ్వు సిచువాన్‌లో ఫలానా పల్లె మనిషివే. 2014లో వ్యవసాయ హుకో, పట్టణ హుకో అన్న తేడా తీసేస్తామన్నారు, చిన్న ఊళ్ళల్లో ఇప్పుడు తేలిగ్గానే ఇస్తున్నారు కూడా, కానీ పెద్ద సిటీ హుకో లైన్ మీద పనిచేసే మనిషికి ఇప్పటికీ కష్టమే.

ఒకప్పుడు సిటీలో ఉండాలంటే టెంపరరీ పర్మిట్ ఉండాలి, అది జేబులో లేకుండా రోడ్డు మీద దొరికితే పట్టుకెళ్ళి సొంతూరికి పంపించేసేవాళ్ళు. 2003 మార్చిలో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ళ కుర్రాడు, డిగ్రీ చదివి గ్వాంగ్‌జౌలో డిజైనర్‌గా చేరినవాడు, ఇలాగే పర్మిట్ చూపించలేదని పట్టుకెళ్తే అక్కడ కొట్టిన దెబ్బలకి చచ్చిపోయాడు. దేశమంతా గోల అయ్యి ఆ ఏడాదే ఆ పద్ధతి తీసేశారు. చదువుకున్నవాడికి ఇలా అయితే తప్ప ఎవరూ కదల్లేదు అన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, అప్పటిదాకా అదే భయంతో ఎంతమంది అమ్మాయిలు ఆదివారం కూడా ఫ్యాక్టరీ గేటు దాటకుండా ఉండిపోయారో.

ఆడపిల్లలే ఎందుకు?

యజమానులు ఆ రోజుల్లో దాపరికం లేకుండానే చెప్పేవాళ్ళు, వేళ్ళు చురుగ్గా కదుల్తాయి, చెప్పిన మాట వింటారు, గొడవపడరు, తక్కువకే చేస్తారు అని. గేటు మీద కాయితం అంటించేవాళ్ళు: ఆడవాళ్ళు కావలెను, 18 నుంచి 25 ఏళ్ళు, ఫలానా ఎత్తు, చూపు బాగుండాలి. ఇరవై అయిదు దాటితే "వయసైపోయింది".

ఇంటి వైపు నుంచి చూస్తే ఇంకో కారణం ఉంది. చాలా రాష్ట్రాల పల్లెల్లో మొదటి బిడ్డ ఆడపిల్ల అయితే రెండో బిడ్డని కనొచ్చు అని రూల్ ఉండేది, అందుకే ఎన్నో ఇళ్ళల్లో పెద్దది అక్క, చిన్నోడు తమ్ముడు. స్కూల్ ఫీజులు కట్టాలి (పల్లెల్లో ఫీజులు పూర్తిగా ఎత్తేసింది 2007కి గానీ కాదు), ఇద్దరినీ చదివించే స్తోమత లేదు, ఇంకేముంది, అక్క తొమ్మిదో క్లాసుతో ఆపేస్తుంది. అక్కడ ఒక సామెత ఉంది, పెళ్ళి చేసి పంపిన కూతురు పారబోసిన నీళ్ళు అని. మన దగ్గర ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లే గానీ "ఈడ" పిల్ల కాదు అంటారు చూడండి, అదే మాట.

ఇంట్లోవాళ్ళే పంపించేస్తారా, లేకపోతే వీళ్ళే వెళ్ళిపోతారా?

అందరూ అడిగేది ఇదే, అందరూ తొందరపడి జవాబు అనుకునేదీ దీనికే. పేదరికం వల్ల పంపించారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగం నిజమే.

డబ్బు అవసరం ఉంది, కాదనను. కానీ వెళ్ళినవాళ్ళు తమ నోటితో చెప్పుకున్న మాటలు చదివితే మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇంకోటి. ఇంట్లో ఉంటే చేసే పని ఏమీ లేదు, పొద్దున్నే పందులకి మేత, మధ్యాహ్నం టీవీ, సాయంత్రం ఎవరో సంబంధం తీసుకొస్తారు, ఇరవై రెండుకి పెళ్ళి, ఇరవై మూడుకి బిడ్డ, అమ్మ బతుకు ఎలా ఉందో కళ్ళముందే కనపడుతోంది. ఈలోపు కొత్త సంవత్సరం పండక్కి పక్కింటి అక్క వస్తుంది, మంచి బూట్లు, జుట్టు స్ట్రెయిట్ చేయించుకుంది, తమ్ముడి చేతిలో నోటు పెడుతుంది, వాళ్ళ నాన్న ఆమెతో మాట్లాడే తీరే మారిపోయింది. అది చూశాక ఆ పిల్ల ఇంట్లో ఉంటుందా? నాన్న ఒప్పుకోడు, అమ్మ ఏడుస్తుంది, అయినా పండగ అయిపోయి ఆ అక్క తిరిగి వెళ్ళేటప్పుడు బ్యాగు సర్దుకుని ఆమెతో పాటే బస్సెక్కేస్తుంది, కొంతమందైతే చెప్పకుండానే వెళ్ళిపోయారు.

అలాగని అందరూ సంతోషంగా వెళ్ళారని కూడా కాదు. చదువుకోవాలని ఉండి తమ్ముడి కోసం ఆపేసిన పిల్లలున్నారు, నాన్న జబ్బుకి చేసిన అప్పు తీర్చడానికి వెళ్ళినవాళ్ళున్నారు. ఒకే అమ్మాయిలో కూడా ఈ రెండూ ఉంటాయి, వెళ్ళక తప్పదు అనే బరువూ ఉంటుంది, ఎలాగైనా వెళ్ళిపోవాలి అనే ఆరాటమూ ఉంటుంది, దాన్ని విడదీసి ఇదొక్కటే నిజం అనడానికి మనమెవరం.

ఎలా వెళ్తారు? ఉద్యోగం ముందే దొరుకుతుందా?

చాలామంది తెలిసిన మనిషి వెనకాలే వెళ్తారు. ఒకే ప్రాంతం వాళ్ళని లావోషియాంగ్ అంటారు, మన "మా ఊరోళ్ళు" లాగా. ఫ్యాక్టరీలో ఎవరైనా ఉంటే వాళ్ళ మాట మీద గేటు లోపలికి రానిస్తారు, రూమ్‌లో మంచం చూపిస్తారు, జీతం వచ్చేదాకా అప్పిస్తారు. ఎవరూ లేకపోతే ఏజెంటు, వాడికి ఫీజు, ఒక్కోసారి వాడు డబ్బు తీసుకుని మాయం.

ట్రైన్ అంటే ఆకుపచ్చ రంగు పాత బండి, చెక్క సీటు లాంటి సీటు, సిచువాన్ నుంచి గ్వాంగ్‌జౌకి ఒకటిన్నర రోజు పైనే, సీటు దొరక్కపోతే నిలబడే. బ్యాగులో బట్టలు, ఒక దుప్పటి, ఇంట్లో చేసిన మిరపకాయ పచ్చడి. ఈ పచ్చడి సంగతి మనకి బాగా అర్థమవుతుంది, సిచువాన్, హునాన్, గుయ్‌జౌ వాళ్ళు కారం లేకుండా ముద్ద దింపలేరు, గ్వాంగ్‌డాంగ్ తిండి చప్పగా ఉంటుంది, మనవాళ్ళు అమెరికాకి ఆవకాయ మోసినట్టే వీళ్ళు సీసాలు మోశారు. లావో గాన్ మా అనే ఎర్ర లేబుల్ మిరప సాస్ ఇప్పుడు ప్రపంచమంతా దొరుకుతుంది, దాన్ని పెట్టింది గుయ్‌జౌలో బడి మొహం చూడని తావ్ హువాబీ అనే పల్లెటూరి ఆవిడ.

పదహారు నిండకుండా పనిలో పెట్టుకోకూడదని చట్టం. కానీ అక్క ఐడీ కార్డో, పక్కింటామె కార్డో పట్టుకుని వచ్చేసే పిల్లలు ఉండేవాళ్ళు, ఏడాదంతా వేరే పేరుతో పిలిస్తే పలుకుతూ, జీతం చీటీ మీద కూడా ఆ పేరే.

రోజు ఎలా గడుస్తుంది?

హాస్టల్ ఫ్యాక్టరీ కాంపౌండ్‌లోనే. రూమ్‌కి ఎనిమిది మంది, పాత రోజుల్లో పన్నెండు మంది కూడా, పైనొక మంచం కిందొక మంచం. మంచానికి పరదా కట్టుకుంటారు, ఆ పరదా లోపల ఉన్నదే సొంత చోటు, అక్కడే ఫోటోలు, అద్దం, డైరీ. పొద్దున ఎనిమిదింటికి లైన్, మధ్యాహ్నం క్యాంటీన్, మళ్ళీ లైన్, సాయంత్రం తిన్నాక ఓటీ (ఓవర్‌టైమ్), తొమ్మిదికో పదికో వదుల్తారు. ఆర్డర్లు ఎక్కువైతే ఆదివారం కూడా ఉండదు. లైన్ మీద ఒక్కొక్కరిది ఒక్క పని, ఒక స్క్రూ, ఒక వైరు, ఒక కుట్టు, రోజుకి కొన్ని వేల సార్లు అదే. మాట్లాడితే ఫైన్, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే లైన్ లీడర్‌ని అడగాలి, కొన్నిచోట్ల దానికి టోకెన్. లీడర్ కూడా ఒకప్పుడు లైన్ మీద కూర్చున్న అమ్మాయే, రెండేళ్ళ ముందు వచ్చింది అంతే.

రాత్రి పది తర్వాత ఉండేదే వాళ్ళ జీవితం. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు ఆరబెట్టుకోవడం, ఫోన్. ఫోన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, 2000ల మొదట్లో నెలదో రెండు నెలలదో జీతం పెట్టి మరీ కొనుక్కునేవాళ్ళు, ఎందుకంటే ఫ్యాక్టరీ మారితే అడ్రస్ పోతుంది, ఫోన్ పోతే ఇంక నీ స్నేహితురాలు ఎక్కడుందో జన్మలో తెలీదు. కోటి మంది ఉన్న ఊళ్ళో ఒక నంబర్ మీద వేలాడే స్నేహాలు అవి.

జీతం ఎంత?

1990లలో నెలకి కొన్ని వందల యువాన్లు, ఓటీ కలిపి. అప్పట్లో మొదటి నెల జీతం ఆపి ఉంచుకునేవాళ్ళు, చెప్పకుండా మానేస్తే అది పోయినట్టే, కొందరు ఐడీ కార్డు కూడా తీసిపెట్టుకునేవాళ్ళు. పదేళ్ళ పైన జీతాలు పెద్దగా కదల్లేదు, కదిలింది 2004 తర్వాత, గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలకి మొట్టమొదటిసారి మనుషులు దొరకలేదు, పిల్లలు షాంఘై వైపు వెళ్ళిపోయారు, కొందరు ఇంటికే వెళ్ళిపోయారు. షెంజెన్‌లో కనీస వేతనం 2010లో నెలకి 1,100 యువాన్లు, 2015లో 2,030, 2022లో 2,360. ఇవాళ్టి లెక్కలో యువాన్ అంటే సుమారు 12, 13 రూపాయలు. కనీస వేతనం మీద ఎవరూ బతకరు, చేతికొచ్చేది ఎప్పుడూ ఓటీ మీదే, అందుకే ఓటీ లేని ఫ్యాక్టరీ అంటే వాళ్ళే వద్దంటారు.

ఆ డబ్బంతా ఇంటికేనా?

మొదట్లో చాలా వరకు ఇంటికే. తమ్ముడి ఫీజు, ఎరువులు, నాన్న మందులు, తర్వాత కొత్త ఇల్లు. సిచువాన్, హునాన్ పల్లెల్లో తెల్ల టైల్స్ వేసిన రెండంతస్తుల ఇళ్ళు కనిపిస్తాయి, వాటిల్లో ఎన్ని అక్కల చేతుల మీద లేచాయో. ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉంటుంది అంటే తమ్ముడి పేరు మీద. ఇది రాస్తుంటే నాకు కడుపు మండుతుంది.

కానీ డబ్బుతో పాటు మాట కూడా వచ్చింది. నెలనెలా పంపేది కూతురు అయినప్పుడు ఏ పంట వేద్దాం, చెల్లిని చదివిద్దామా వద్దా అని నాన్న ఫోన్ చేసి అడుగుతాడు. చాలామంది అక్కలు చెల్లెళ్ళని బడి మాన్పించనివ్వలేదు, నేను పంపుతా చదవనివ్వండి అని గట్టిగా నిలబడ్డారు.

చట్టాలు లేవా?

ఉన్నాయి, కాయితం మీద మన కన్నా గట్టివే. 1995 జనవరి నుంచి అమలైన లేబర్ లా ప్రకారం రోజుకి 8 గంటలు, ఓటీ నెలకి 36 గంటలు దాటకూడదు, మామూలు రోజు ఓటీకి ఒకటిన్నర రెట్లు, సెలవు రోజుకి రెండు రెట్లు, పండగ రోజుకి మూడు రెట్లు. 2008 జనవరి నుంచి కాంట్రాక్టు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే అని ఇంకో చట్టం. అమలు చేయాల్సిన లోకల్ ఆఫీసర్లకి ఫ్యాక్టరీ అంటే పన్నులు, అద్దెలు, ప్రమోషన్, కాబట్టి చూసీ చూడనట్టు వదిలేశారు. యూనియన్ ఉంది గానీ ప్రభుత్వానిది ఒక్కటే, సొంతంగా పెట్టుకోవడం కుదరదు.

ప్రమాదాల గురించి ఏం తెలుసు?

1993 నవంబర్ 19. షెంజెన్‌లో కుయియోంగ్ అనే చోట జిలీ బొమ్మల ఫ్యాక్టరీ, యూరప్‌కి పిల్లల బొమ్మలు చేసేది. మంటలు లేచినప్పుడు కిటికీలకి ఇనప చువ్వలు, తలుపులకి తాళాలు, సరుకు ఎత్తుకుపోతారని వేసిన తాళాలు అవి. 87 మంది చచ్చిపోయారు, దాదాపు అందరూ పల్లె నుంచి వచ్చిన అమ్మాయిలు. ఆ తర్వాతి ఏడాదే లేబర్ లా పాసైంది.

కంటికి కనపడని ప్రమాదాలు ఇంకా ఎక్కువ. బూట్ల జిగురులో బెంజీన్, దాంతో రక్తం జబ్బులు. 2009లో సుజౌలో ఫోన్ స్క్రీన్లు చేసే ఫ్యాక్టరీలో తుడవడానికి స్పిరిట్ బదులు హెక్సేన్ వాడారు, తొందరగా ఆరిపోతుంది కదా పని వేగంగా అవుతుందని, 137 మందికి నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కిపోయాయి. పనిచేసే ఊళ్ళో హుకో లేదు, జబ్బు బయటపడేసరికి ఫ్యాక్టరీ మారిపోయి ఉంటారు, ఎక్కడ అంటుకుందో రుజువు చేసుకునేది ఎలా.

2010లో ఫాక్స్‌కాన్‌లో ఆత్మహత్యలు జరిగింది వీళ్ళలోనేనా?

ఫోన్లు చేసే తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ క్యాంపస్‌ల్లో, ఎక్కువగా షెంజెన్‌లో, ఆ ఏడాది వరసగా జరిగినవి. దూకినవాళ్ళలో అబ్బాయిలూ ఉన్నారు, అమ్మాయిలూ ఉన్నారు, దాదాపు అందరూ పాతికేళ్ళ లోపు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. పద్నాలుగు మంది చనిపోయారు. కంపెనీ జీతాలు పెంచింది, బిల్డింగుల చుట్టూ వలలు కట్టింది. అప్పటికి ఇది రెండో తరం. అమ్మలు వచ్చినప్పుడు నాలుగేళ్ళు చేసి తిరిగి వెళ్దాం అనుకున్నారు, వీళ్ళకి పొలం పని రాదు, ఊళ్ళో ఉండాలని లేదు, సిటీలో ఉండనివ్వరు. ఒకే రూమ్‌లో పడుకునేవాళ్ళని వేర్వేరు షిఫ్టుల్లో వేయడంతో పక్క మంచం పేరు కూడా తెలియని ఒంటరితనం, దాని గురించి అక్కడ పనిచేసినవాళ్ళు చాలామంది చెప్పారు.

ఒకసారి చేరితే అక్కడే ఉండిపోతారా?

అస్సలు కాదు. ఏడాదికి రెండు మూడు ఫ్యాక్టరీలు మారేవాళ్ళు మామూలే. ఉద్యోగంలోంచి తీసేయడాన్ని "స్క్విడ్ వేపుడు" అంటారు, స్క్విడ్ ముక్క వేడి పెనం మీద వేస్తే చుట్ట చుట్టుకుంటుంది, అలాగే పక్క చుట్టుకుని పోవడం అన్నమాట. ఇంకా బావుంది ఏంటంటే అమ్మాయిలే మానేసినప్పుడు "బాస్‌ని వేపేశా" అంటారు.

తెలివైన పిల్లలకి లైన్ దాటి ఆఫీసులోకి వెళ్ళాలని పట్టుదల. డోంగ్‌గ్వాన్‌లో రాత్రి క్లాసులు బాగా నడిచేవి, కంప్యూటర్, ఇంగ్లీష్, సేల్స్, ఎలా కూర్చోవాలి ఎలా మాట్లాడాలి అని కూడా నేర్పేవాళ్ళు. పన్నెండు గంటలు లైన్ మీద చేసి వచ్చి ఇంగ్లీష్ మాటలు బట్టీ పట్టేవాళ్ళు. క్లర్కులు అయినవాళ్ళున్నారు, లైన్ లీడర్లు అయినవాళ్ళున్నారు, సొంత షాపు పెట్టుకున్నవాళ్ళున్నారు, ఆ పక్కనే ఇవేవీ అవ్వకుండా కళ్ళు పాడై వెనక్కి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

పెళ్ళి?

ఇంట్లోవాళ్ళకి భయం దూరం అబ్బాయిని చేసుకుంటుందని. గుయ్‌జౌ పిల్ల హెనాన్ అబ్బాయిని చేసుకుంటే పుట్టింటికి రెండు రోజుల ప్రయాణం, కన్యాశుల్కం కూడా తక్కువొస్తుంది (అక్కడ డబ్బిచ్చేది అబ్బాయి వైపు వాళ్ళు). అందుకే పండక్కి ఇంటికొచ్చిన పది రోజుల్లో నాలుగు సంబంధాలు చూపిస్తారు. పెళ్ళయితే పుట్టింటి ఊళ్ళో భూమిలో వాటా చాలాచోట్ల పోతుంది, అత్తగారి ఊళ్ళో ఇస్తారో లేదో గ్యారంటీ లేదు. ఊరు దాటి పనికెళ్ళే ఆడవాళ్ళు చాలాకాలం పెళ్ళయిందా, పిల్లలెంతమంది అనే సర్టిఫికెట్ కూడా దగ్గర పెట్టుకోవాల్సి వచ్చేది, పెళ్ళికాని పిల్లలు కూడా.

పిల్లలు పుడితే ఎవరు చూస్తారు?

అమ్మమ్మ, నాయనమ్మ. సిటీ బడిలో సీటు కష్టం, ఇంటర్ తర్వాత రాసే యూనివర్సిటీ పరీక్ష చాలాకాలం హుకో ఉన్న చోటే రాయాల్సి వచ్చేది, హాస్టల్‌లో పిల్లల్ని ఉంచుకోనివ్వరు. 2010 జనాభా లెక్కల మీద వేసిన అంచనా ప్రకారం ఇలా పల్లెలో వదిలిపెట్టిన పిల్లలు 6 కోట్ల 10 లక్షలు. ఏడాదికి ఒకసారి వచ్చే అమ్మని చూసి బిడ్డ నాయనమ్మ వెనక దాక్కుంటుంది. గల్ఫ్‌కి వెళ్ళిన మన కడప, గోదావరి జిల్లాల తల్లులకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పండక్కి అందరూ ఒకేసారి ఇంటికి వెళ్తారంటగా?

అవును, చున్‌యున్ అంటారు, కొత్త సంవత్సరం చుట్టూ 40 రోజులు. మన సంక్రాంతికి హైదరాబాద్ టోల్‌గేట్ల దగ్గర కనిపించేది దేశం మొత్తానికి ఊహించుకోండి. 2008లో మంచు తుఫానుకి ట్రైన్లు ఆగిపోయి గ్వాంగ్‌జౌ స్టేషన్ బయట లక్షల మంది రోజుల తరబడి నిలబడ్డారు. టికెట్ దొరకని గ్వాంగ్‌షీ, గుయ్‌జౌ వాళ్ళు గుంపులు గుంపులుగా బైకుల మీద బయల్దేరేవాళ్ళు, చలికి, వానకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, మధ్యలో బిడ్డ. 2014 చివర్లో గుయ్‌యాంగ్ నుంచి గ్వాంగ్‌జౌకి హైస్పీడ్ రైలు వచ్చాక ఇరవై గంటల ప్రయాణం నాలుగైదు గంటలు అయ్యింది.

వీళ్ళు ఎప్పుడూ ఎదురు తిరగలేదా?

చాలాసార్లు. చెప్పిన మాట వింటారు అని తీసుకున్న అమ్మాయిలే మెషిన్లు ఆపేశారు. 2014 ఏప్రిల్‌లో డోంగ్‌గ్వాన్‌లో యూ యువెన్ బూట్ల ఫ్యాక్టరీలో వేలాది మంది రోడ్డు మీదకి వచ్చారు, కంపెనీ ఏళ్ళ తరబడి పెన్షన్ ఫండ్‌కి తక్కువ కట్టిందని తెలిసి. బీజింగ్‌లో 1996లోనే ఇలా పనికి వచ్చిన ఆడవాళ్ళ కోసం ఒక క్లబ్ మొదలైంది, "గ్రామీణ మహిళ" పత్రిక పెట్టిన షియే లీహువా దాని వెనక ఉన్నారు, ఆదివారం వచ్చి మాట్లాడుకోవడానికి, లాయర్‌ని అడగడానికి ఒక చోటు. 2008లో మొదటిసారి వలస కార్మికుల నుంచి ముగ్గురు జాతీయ పార్లమెంటుకి వెళ్ళారు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు సిచువాన్ నుంచి ఫోషాన్ వచ్చి సెరామిక్ ఫ్యాక్టరీలో చేసిన హు షియావోయెన్.

ఇంతకీ మంచి జరిగిందా, చెడు జరిగిందా?

ఒక్క సంగతి చెప్తా. 1990లలో చైనా పల్లెల్లో ఆత్మహత్యలు మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, ప్రపంచంలో దాదాపు ఎక్కడా అలా లేదు. ఎక్కువగా పురుగుమందు తాగి, ఎక్కువగా వయసులో ఉన్న కోడళ్ళు. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆ సంఖ్య బాగా పడిపోయింది. కారణాలు చాలా ఉన్నాయి గానీ పరిశోధకులు చెప్పే వాటిల్లో ఒకటి ఇదే, ఆ వయసు ఆడవాళ్ళు ఊళ్ళో లేరు, అత్తగారి ఇంటికీ, పురుగుమందు డబ్బాకీ దూరంగా సిటీలో ఉన్నారు, ఇంట్లో పడకపోతే వెళ్ళడానికి ఇంకో చోటు ఉంది.

ఇది చదివాక నేను "పాపం ఫ్యాక్టరీ అమ్మాయిలు" అనడం మానేశా. జిలీ ఫ్యాక్టరీ తాళాలు మర్చిపోమని కాదు. ఆ తాళాలు తెలిసి కూడా వాళ్ళు వెనక్కి వెళ్ళలేదు అంటే ఊళ్ళో ఏం ఉండేదో కూడా అడగాలి కదా.

మనకి దీంతో సంబంధం ఏంటి?

షెంజెన్‌లో ఉన్న ఆ ఫాక్స్‌కానే 2015లో శ్రీసిటీలో షావోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది, లైన్ మీద కూర్చున్నది దాదాపు అంతా ఆడపిల్లలే. తడ దగ్గర మాంబట్టులో తైవాన్ వాళ్ళ అపాచీ బూట్ల ఫ్యాక్టరీ, అచ్యుతాపురంలో శ్రీలంక వాళ్ళ బ్రాండిక్స్, ఇప్పుడు హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో మళ్ళీ ఫాక్స్‌కానే. చైనాలో జీతాలు పెరిగి మనుషులు దొరక్క పని ఇటు వస్తోంది. ఒక పెద్ద తేడా, మన పిల్లలు చాలామంది కంపెనీ బస్సులో పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి వస్తారు. అలిసిపోయి వస్తారు, కానీ ఆ రాత్రి అమ్మ వండింది తింటారు. ఇంకోవైపు చూస్తే, నాన్న గడప దాటి పరదా వెనక సొంత చోటు అనేది వీళ్ళకి దొరకలేదు, మా చెల్లి ఈ మాట తనంతట తనే అంది.

ఇప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు?

ఇప్పటి పల్లె అమ్మాయిలు లైన్ వద్దంటున్నారు, షాపులు, హోటళ్ళు, డెలివరీ, లైవ్‌లో సరుకు అమ్మడం అటే వెళ్తున్నారు. 2023లో చైనాలో మొత్తం పల్లెల నుంచి వచ్చిన కార్మికులు దాదాపు 29 కోట్ల 75 లక్షలు, వాళ్ళ సగటు వయసు 43, యాభై దాటినవాళ్ళే సుమారు 30 శాతం. ఫ్యాక్టరీలు కూడా జెంగ్‌జౌ, చెంగ్‌డూ, చోంగ్‌చింగ్ లాంటి లోపలి ఊళ్ళకి వెళ్ళాయి, సొంత రాష్ట్రంలోనే పని దొరుకుతోంది.

1990లో పద్దెనిమిదేళ్ళకి ట్రైన్ ఎక్కిన పిల్లకి ఇప్పుడు యాభై దాటింది. పట్టణ పెన్షన్ కావాలంటే కనీసం 15 ఏళ్ళు కట్టి ఉండాలి, వీళ్ళు ఫ్యాక్టరీ మారిన ప్రతిసారీ కట్టింది వెనక్కి తీసేసుకున్నారు, ఎందుకంటే అప్పట్లో వేరే రాష్ట్రానికి మార్చుకోవడం కుదిరేది కాదు. ఇక మిగిలింది పల్లె పెన్షన్, అది నెలకి సగటున 200 యువాన్లకి కాస్త అటూ ఇటూ. అందుకని కొందరు అదే సిటీలో ఆఫీసులు తుడుస్తున్నారు, ఇంకొందరు ఊళ్ళో తెల్ల టైల్స్ ఇంట్లో మనవడిని చూసుకుంటున్నారు, ఆ మనవడి అమ్మ షెంజెన్‌లో ఉంది, రాత్రి షిఫ్ట్ అయ్యాక వీడియో కాల్ చేస్తుంది.